‘వయసైపోయింది కదా’ అనుకుంటే కనిపించని దిగులు

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా తేంగాయితిట్టు ఉంది. మడ చెట్లకూ, చేపల రేవుకూ పేరున్న ప్రాంతం. ఈ పేరు మొదటిసారి విన్న తెలుగువారికి ‘ఎవరు ఎవరిని తిట్టారు?’ అని నవ్వు వస్తుంది. తమిళంలో తేంగాయ్ అంటే మన టెంకాయే. తిట్టు అంటే మాత్రం మిట్ట, దిబ్బ. మాటలో సగం మనదే అనిపిస్తుంది, మిగతా సగం దారి తప్పిస్తుంది.

గోదావరి పాయ ఒడ్డున, కాకినాడకు దగ్గరలో ఉన్న యానాం కూడా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. అందుకే ఉద్యోగాలకూ చదువులకూ ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి పుదుచ్చేరి వచ్చే తెలుగువారు ఉన్నారు. అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. కొడుకుకు ప్రభుత్వ ఉద్యోగం. కోడలిదీ ఉద్యోగమే. తాతయ్య పోయాక ఊళ్లో ఒక్కతే ఎందుకని డెబ్బై ఏళ్ల మామ్మను తేంగాయితిట్టులోని అద్దె ఇంటికి తీసుకొచ్చారు. తిండికి లోటు లేదు, మందులకు లోటు లేదు. టీవీలో తెలుగు సీరియళ్లు వస్తాయి. అయినా నాలుగు నెలలు గడిచేసరికి ఆమె అన్నం సగానికి తగ్గింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. రోజంతా ఒళ్లు నొప్పులంటుంది. ‘ఏమైందమ్మా?’ అని కొడుకు అడిగితే, ‘ఏముందిరా, వయసైపోయింది కదా’ అంటుంది. కొడుకూ అదే అనుకుంటాడు. డాక్టరు గారు రాసిన నొప్పి మాత్ర తెచ్చి ఇస్తాడు.

ఈ ఇల్లు ఊహే, కానీ ఇలాంటి ఇల్లు మన చుట్టాల్లోనో, వీధిలోనో ఒక్కటైనా ఉంటుంది. ఆ ఇంట్లో అందరూ సులువుగా అనేసే ‘వయసైపోయింది కదా’ అనే మాటే అసలు సమస్యను కప్పేస్తోంది.

లెక్కల్లో కనిపించే తేడా

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. అంటే జనాభాలో 8.6 శాతం. ఐక్యరాజ్య సమితి జనాభా నిధి, ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ కలిసి 2023లో విడుదల చేసిన నివేదిక అంచనా ప్రకారం 2050 నాటికి ఇది 20 శాతం దాటుతుంది. అప్పటికి ప్రతి ఐదుగురిలో ఒకరు వృద్ధులే.

వీరి ఆరోగ్యం, ఆదాయం, కుటుంబ పరిస్థితులను తెలుసుకోవడానికి 2017-18లో దేశవ్యాప్తంగా ఒక పెద్ద సర్వే జరిగింది. దాన్ని లాసీ అని పిలుస్తారు. 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా ఇందులో పాల్గొన్నారు. వారిలో 31 వేల మందికి పైగా అరవై దాటినవారు. 2021 జనవరిలో వెలువడిన నివేదికలో రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది, ‘మీకు డిప్రెషన్ ఉందని ఏ డాక్టరైనా చెప్పారా?’ అన్న ప్రశ్నకు అవునన్న పెద్దలు 0.8 శాతం. రెండోది, నిద్ర, ఆకలి, ఆసక్తి, అలసట వంటి లక్షణాల గురించి ఒక ప్రామాణిక ప్రశ్నావళితో అడిగినప్పుడు డిప్రెషన్ ఉండవచ్చని తేలినవారు 8.3 శాతం. ప్రశ్నావళితో తేలింది వైద్యుడి నిర్ధారణతో సమానం కాదు, నిజమే. అయినా రెండింటి మధ్య తేడా పదింతలు. అంటే పన్నెండు మంది పెద్దల్లో ఒకరు కుంగుబాటు లక్షణాలతో ఉంటే, అలాంటి పది మందిలో దాదాపు తొమ్మిది మంది సమస్యకు పేరు కూడా పెట్టలేదు. పేరు పెట్టని జబ్బుకు చికిత్స ఉండదు.

ఎందుకు దొరకడం లేదు?

మొదటి కారణం, మలివయసు డిప్రెషన్ ఏడుపు రూపంలోనే రావాలని లేదు. చాలామంది పెద్దలు ‘నాకు బాధగా ఉంది’ అనరు. కడుపులో మంట, తల దిమ్ము, గుండె దడ, మలబద్ధకం, కాళ్లు లాగడం అని చెబుతారు. ఇది నటన కాదు. మనసు, శరీరం ఒకే నాడీ వ్యవస్థను పంచుకుంటాయి. కుంగుబాటులో నొప్పి మరింత ఎక్కువగా తెలుస్తుంది, నిద్ర చెడుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. ఇంట్లోవాళ్లు ఒక్కో నొప్పికి ఒక్కో డాక్టరు దగ్గరకు తీసుకెళతారు. అన్ని నొప్పులకూ వెనుక ఒకే కారణం ఉండవచ్చని ఎవరికీ తట్టదు.

రెండో కారణం మతిమరుపు. కుంగుబాటులో ఏకాగ్రత తగ్గుతుంది. దేని మీదా మనసు నిలవకపోతే విన్నది గుర్తుండదు. దాంతో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చిందేమోనని ఇంట్లోవాళ్లు భయపడతారు. రెండూ ఒకేసారి ఉండే అవకాశమూ ఉంది. అందుకే విడదీసి చూసే పని వైద్యులకే వదిలేయాలి. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, రక్తహీనత, కొన్ని మందుల దుష్ప్రభావాలు కూడా అచ్చం దిగులులాగే కనిపిస్తాయి. ఒక రక్త పరీక్షతో తేలిపోయే విషయాన్ని వయసు ఖాతాలో రాసేయడం అన్యాయం.

మూడో కారణం భాష. మనసు గురించి మనిషి మాట్లాడేది తన మాటల్లోనే. తెలుగులో దిగులు వేరు, బెంగ వేరు, విసుగు వేరు. ‘మనసేం బాగోలేదు’, ‘ఏమీ తోచడం లేదు’, ‘ఒంట్లో నలతగా ఉంది’ అన్న మూడు మాటలూ మూడు రకాల స్థితులను చెబుతాయి. పరాయి భాష మాట్లాడే ఊళ్లో డాక్టరు ముందు కూర్చున్న మామ్మ తరఫున కొడుకే మాట్లాడతాడు. ‘బెంగగా ఉందట’ అన్నది అతని నోట ‘బాడీ పెయిన్స్’ అయిపోతుంది. ఆమె చెప్పాలనుకున్నది అక్కడే జారిపోతుంది.

నాలుగోది అన్నిటికన్నా బరువైనది. ‘దేవుడు నన్నెప్పుడు తీసుకుపోతాడో’ అన్న మాట మన ఇళ్లలో మామూలైపోయింది. వైరాగ్యంతో అన్నా, విసుగుతో అన్నా, నిజంగా బతుకు భారమై అన్నా అదే మాట. అందుకే దాన్ని నవ్వుతూ కొట్టిపారేయకుండా పక్కన కూర్చుని ‘ఎందుకలా అనిపిస్తోంది?’ అని అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచనలు పెరగవని పరిశోధనలు చెబుతున్నాయి. పైగా, మనసులోది బయటపెట్టే వీలు దొరుకుతుంది.

ఇంటినిండా మనుషులున్నా

లాసీ సర్వే ప్రకారం ఒంటరిగా నివసించే వృద్ధులు వందలో సుమారు ఆరుగురే. అత్యధికులు జీవిత భాగస్వామితోనో, పిల్లలతోనో ఉంటున్నారు. మరి దిగులు ఎందుకు? ఒంటరిగా ఉండటం, ఒంటరితనం ఒకటి కాదు కాబట్టి. మొదటిది లెక్కపెట్టగలిగేది: ఇంట్లో ఎందరున్నారు, వారానికి ఎందరితో మాట్లాడుతున్నారు అని. రెండోది అనుభూతి. కావాల్సిన బంధాలకూ ఉన్న బంధాలకూ మధ్య ఉన్న ఖాళీయే ఒంటరితనం. తోటలో ఒక్కడే పని చేసుకునే తాతకు అది లేకపోవచ్చు. నలుగురున్న ఇంట్లో ఎవరూ పలకరించని మామ్మకు ఉండవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సామాజిక బంధాల కమిషన్ 2025 జూన్‌లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దీనికి ముడిపడిన మరణాలు ఏడాదికి 8.71 లక్షలని ఆ నివేదిక అంచనా. అంతకు ముందు 2010లో అమెరికా పరిశోధకురాలు జూలియన్ హోల్ట్ లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను కలిపి చూసింది. మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలవి. సామాజిక బంధాలు బలంగా ఉన్నవారు అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం మిగతావారి కన్నా 50 శాతం ఎక్కువగా కనిపించింది.

బంధానికీ ఆయుష్షుకూ ముడి ఎక్కడ? దీర్ఘకాలం ఒంటరితనం అనుభవించేవారి శరీరం ఎప్పుడూ ఏదో ప్రమాదం పొంచి ఉన్నట్టు అప్రమత్తంగా ఉంటుంది. ఒత్తిడి హార్మోన్లు సరిగా తగ్గవు, రక్తపోటు పెరుగుతుంది, గాఢ నిద్ర పట్టదు. ఇవన్నీ గుండెకూ మెదడుకూ చేటే. మామూలు కారణాలూ ఉన్నాయి. పలకరించేవారు ఉంటే మాత్ర వేసుకున్నారా అని అడుగుతారు, నడక తేడాగా ఉంటే గమనిస్తారు, నడకకు తోడు వస్తారు. అనారోగ్యం వల్ల కూడా మనిషి నలుగురికీ దూరమవుతాడు. కాబట్టి ఈ బాణం రెండు వైపులా పనిచేస్తుంది.

ముసలితనమంటే దిగులు కాదు

ఇంత చదివాక వయసు మీద పడితే దిగులు తప్పదనిపించవచ్చు. పరిశోధన చెప్పేది దీనికి వ్యతిరేకం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త లారా కార్‌స్టెన్‌సన్ మూడు దశాబ్దాలకు పైగా ఈ విషయాన్ని పరిశీలిస్తున్నారు. ముందున్న కాలం పరిమితమని తెలిసినప్పుడు మనిషి ప్రాధాన్యాలు మారతాయని ఆమె సిద్ధాంతం. కొత్త పరిచయాల వెంట పడటం తగ్గి, మనసుకు దగ్గరైన కొద్దిమందితో గడపాలనిపిస్తుంది. చిన్న చిన్న గొడవలను వదిలేయడం అలవాటవుతుంది. ఆరోగ్యం, ఆదరణ ఉన్న పెద్దలు చాలామంది యువకుల కన్నా స్థిమితంగా ఉంటారు.

ఇందులో మనకు ఒక హెచ్చరిక ఉంది. పెద్దవారి బంధాల వలయం చిన్నది. అందులోని ప్రతి మనిషీ ఎంతో విలువైనవారు. పాతికేళ్ల కుర్రాడు ఊరు మారితే ఆరు నెలల్లో కొత్త స్నేహితులు దొరుకుతారు. డెబ్బై ఏళ్ల మామ్మకు పక్కింటి వదినగారు, గుడి దగ్గర కలిసే ఇద్దరు, వాకిట్లోకి కూరలు తెచ్చే మనిషి, ఇంతే ప్రపంచం. ‘మా దగ్గర హాయిగా ఉండమ్మా’ అని ప్రేమతో తీసుకొచ్చిన రోజునే ఆ ప్రపంచం మొత్తం ఒక్కసారిగా పోయింది. భర్త పోయిన దుఃఖం మీద ఇది మరో నష్టం. కొడుకు చేసింది తప్పని కాదు. ఆ నష్టాన్ని నష్టంగా గుర్తించకపోవడమే లోపం.

చెవి, కన్ను, మోకాలు

మనసుకు సంబంధించిన కొన్ని సమస్యలకు పరిష్కారం చెవిలో దొరుకుతుంది. వినికిడి తగ్గినప్పుడు పెద్దలు మొదట ‘ఏంటీ?’ అని మళ్లీ అడుగుతారు. ఎదుటివారు విసుక్కుంటే అడగడం మానేస్తారు. తరువాత నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. డిమెన్షియా నివారణపై లాన్సెట్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, మార్చుకోగల 14 ముప్పు కారణాలను పేర్కొంది. వాటన్నిటినీ అదుపు చేయగలిగితే సుమారు 45 శాతం కేసులను నివారించవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చని అంచనా వేసింది. ఆ జాబితాలో వినికిడి లోపం, చూపు లోపం, డిప్రెషన్, సామాజిక ఏకాంతం నాలుగూ ఉన్నాయి. ఇవి ఒకదానికొకటి తోడవుతాయి కూడా. శుక్లాల ఆపరేషన్, చెవి మిషన్, మోకాలి నొప్పికి వ్యాయామం, మెట్ల దగ్గర పట్టుకోవడానికి ఒక కమ్మీ, ఇవన్నీ మనసు వైద్యంలో భాగమే. మనిషి గడప దాటగలిగితేనే మరో మనిషిని కలుస్తారు.

గోవాలో నిరూపించిన దారి

ఇంతమంది పెద్దలకు సరిపడా మానసిక వైద్యులు మన దేశంలో లేరు. మరి ఏం చేయాలి? గోవాలో జరిగిన ఒక పరిశోధన దీనికి జవాబు వెతికింది. ప్రాథమిక వైద్య కేంద్రాలకు వచ్చే అరవై దాటినవారిలో, పూర్తి స్థాయి డిప్రెషన్ ఇంకా రాకపోయినా ఆ వైపు జారుతున్న 181 మందిని ఎంచుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మందికి అదనంగా శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్ల తోడ్పాటు. ఈ కౌన్సెలర్లు డాక్టర్లు కారు, మనస్తత్వ నిపుణులూ కారు.

వారు చేసిన పనులు నాలుగు. ఎదురైన సమస్యను ముక్కలు చేసి ఒక్కొక్కటిగా పరిష్కరించుకోవడం నేర్పారు. నిద్ర సరిపడే అలవాట్లు చెప్పారు. మధుమేహం వంటి జబ్బులను చూసుకోవడంలో సాయపడ్డారు. ప్రభుత్వ పథకాలు అందుకోవడంలో దారి చూపారు. ఏడాది తరువాత చూస్తే, మామూలు వైద్యం పొందిన 90 మందిలో 13 మందికి డిప్రెషన్ వచ్చింది. కౌన్సెలర్ల సాయం పొందిన 91 మందిలో నలుగురికే వచ్చింది. 2019లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో అచ్చయిన ఈ ఫలితాలు చిన్న సమూహానివే. అయినా దిగులును ముందే అడ్డుకోవచ్చనీ, అందుకు శ్రద్ధగా వినగలిగిన పొరుగు మనిషికి శిక్షణ ఇస్తే చాలా వరకు సరిపోతుందనీ చూపించాయి. పింఛను కాగితం పూర్తి చేయించడం కూడా మనసు వైద్యమేనన్నది ఇందులో గమనించాల్సిన విషయం.

అడిగే చోట ఉన్నవారు

ఇప్పటివరకు పెద్దలకు మనం ఏం ఇవ్వాలన్నదే మాట్లాడుకున్నాం. వారి నుంచి ఏం తీసుకోవాలన్నది కూడా అంతే ముఖ్యం. ఆఫ్రికాలోని జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో పద్నాలుగు మంది బామ్మలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టారు. దిగులుతో వచ్చినవారి మాట వినడం, దారి వెతకడంలో సాయపడటం వారి పని. దీన్ని ఫ్రెండ్‌షిప్ బెంచ్ అంటారు. 573 మందితో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి సాయం పొందినవారి లక్షణాలు మామూలు వైద్యం పొందినవారి కన్నా బాగా తగ్గాయి. అక్కడ బామ్మలు సాయం చేసేవారు, రోగులు కారు.

అమెరికాలో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ 1976లో ప్రచురించిన అధ్యయనం మరో కోణాన్ని చూపింది. ఒక వృద్ధాశ్రమంలో ఒక అంతస్తువారికి గది అమరిక, కాలక్షేపం వంటి విషయాల్లో నిర్ణయం వారిదేనని చెప్పి, పెంచుకోవడానికి ఒక మొక్క ఇచ్చారు. మరో అంతస్తువారికీ మొక్క ఇచ్చారు, కానీ నీళ్లు పోయడం సిబ్బందే చూసుకుంటారన్నారు. కొన్ని వారాలకు మొదటివారే ఎక్కువ చురుగ్గా, సంతోషంగా కనిపించారు. రెండు చోట్లా మొక్క ఒకటే. దాని బాధ్యత ఎవరిదన్నదే తేడా.

తేంగాయితిట్టు వంటి చేపల రేవుల్లో ఈ సూత్రం అర్థం చేసుకోవడం సులువు. సముద్రంలోకి వెళ్లే వయసు దాటినా వల అల్లడం, చిరుగు కుట్టడం తెలిసిన చేతులకు పని ఉంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలతో చేపల వేటపై నిషేధం ఉంటుంది. పడవలు, వలలు బాగుచేసుకునే కాలమది. ఆ పనుల్లో అనుభవానికి విలువ ఉంటుంది. ‘పెద్దాయనా, ఇది చూడు’ అని ఒకరు అడిగినంత కాలం మనిషికి తన చోటు తనకు ఉంటుంది. ఆఫీసు ఉద్యోగం నుంచి రిటైరైన నాన్నకూ, ఇల్లంతా తన చేతుల మీద నడిపిన మామ్మకూ అలా అడిగేవారు ఒక్కసారిగా లేకుండా పోతారు. ‘నువ్వేం చేయకు, కూర్చో అమ్మా’ అనడంలో ప్రేమ ఉంది. ‘నీతో ఇక పని లేదు’ అన్న అర్థం కూడా ఆమెకు వినిపించవచ్చు.

ఇంట్లో మొదలుపెట్టాల్సినవి

రెండు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి. గత రెండు వారాల్లో చాలా రోజులు మనసు దిగులుగా ఉందా? ఇదివరకు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయిందా? ఒక్కదానికైనా అవునని జవాబు వస్తే డాక్టరుతో మాట్లాడాలి. ఆప్తులు పోయిన దుఃఖం సహజం. అది అలలా వస్తూ పోతూ, మధ్యమధ్య మనిషిని తేరుకోనిస్తుంది. తిండి, నిద్ర, ఆసక్తి అన్నీ వారాల తరబడి తగ్గిపోతే, ‘నేను ఎందుకూ పనికిరాను’ అన్న భావన గూడు కట్టుకుంటే, కాలమే మాన్పుతుందని ఊరుకోకూడదు.

డాక్టరు దగ్గర పెద్దవారినే మాట్లాడనివ్వండి. అనువాదం చేయాల్సి వస్తే వారన్న మాటను వారన్నట్టే చెప్పండి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో సొంతంగా ఆపకూడదు. రోజూ పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి కూర్చోండి. ఊళ్లోని పాత స్నేహితురాలికి వారానికి రెండుసార్లు వీడియో కాల్ కలిపి ఇవ్వండి. ఏం వండాలి, ఏ కూర కొనాలి అన్న చిన్న నిర్ణయాలు వారికే వదలండి.

సాయానికి ఫోన్ నంబర్లూ ఉన్నాయి. టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవలో తెలుగులోనూ మాట్లాడవచ్చు. వృద్ధుల కోసం ఎల్డర్ లైన్ 14567 ఉంది. పింఛను, చట్టం, వేధింపు, మనోవేదన ఏదైనా చెప్పుకోవచ్చు. దీనికి బీజం 2017లో హైదరాబాద్‌లో పడింది. పుదుచ్చేరిలో ఉన్నవారికి జిప్మర్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పిల్లలు పోషణ భారం వదిలేస్తే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.

మళ్లీ మన మామ్మ దగ్గరకు వద్దాం. డాక్టరు రక్త పరీక్షలు చేయించారు. ఆమె మాటల్లోనే విన్నారు. చికిత్స మొదలైంది. అయితే మార్పు ఆసుపత్రి గదికే పరిమితం కాలేదు. ఆదివారం ఉదయం కొడుకు ఆమెను చేపలు కొనడానికి తీసుకెళ్లాడు. ‘నాకు తెలియదు, నువ్వే చూసి తియ్యమ్మా’ అన్నాడు. చందువాను ఇక్కడ వవ్వాల్ అంటారని ఆమెకు ఆ రోజే తెలిసింది. వంజరం మాత్రం రెండు భాషల్లోనూ వంజరమే. మొప్ప ఎత్తి చూసి, చేత్తో ధర చూపించి, అమ్మే ఆమెతో బేరం ఆడింది. అర్థం కాని మాటల మధ్య ఇద్దరూ నవ్వారు. వచ్చే ఆదివారం ఆ అమ్మే ఆమె మామ్మను గుర్తుపడుతుంది. కొత్త ఊళ్లో ఒక పరిచయం మొదలవడానికి అది చాలు.